కొన్న యంత్రమునకు కౌలు

వెల యిచ్చి కొన్న వస్తువు కొన్నవానిది. ఎద్దును కొన్నవాడు దానిచే ఏ చేను దున్నించినను అమ్మినవాడు ప్రశ్నింపడు. నూతికి మోటారు బిగించుకొన్నవాడు ఎన్ని యెకరములు తడుపుకొన్నను మోటారు కంపెనీకి లెక్క చెప్పనక్కఱలేదు. భూమి విషయమున మాత్రము మన పెద్దలు రెండు పద్ధతుల నెఱుగుదురు. క్రయదస్తావేజుతో వచ్చిన భూమి యొకటి, కౌలునకు వచ్చిన భూమి యొకటి. రెండింటి పంటయు నొక్కటే కావచ్చును. కాని కౌలు గడువు తీరిన మఱునాడు వానికి గల భేదము ఎవరును చెప్పకయే తెలియును.

కార్యాలయములలో కంప్యూటర్లను ఒండొంటితో కలుపు స్విచ్చి యను యంత్రము విషయమున నేడు ఈ క్రయమునకును కౌలునకును నడుమ నున్న గట్టు చెరిగిపోవుచున్నది. కొనువాడు తాను క్రయము చేయుచున్నా ననుకొనుచున్నాడు. అమ్మువాడు ఇనుపపెట్టెను విక్రయించి, దానిని నడిపించు విద్యను, అనగా సాఫ్ట్‌వేరును, గడువు పెట్టి కౌలునకిచ్చుచున్నాడు. బిల్లు మీద రెండును ప్రక్కప్రక్కనే యుండును. మూడేండ్లకో అయిదేండ్లకో రెండవ బిల్లు వచ్చినప్పుడు గాని మొదటి బిల్లునకు పూర్తి యర్థము బోధపడదు. ఆసుపత్రులు, కళాశాలలు, మిల్లులు, సహకార బ్యాంకులు, పురపాలక కార్యాలయములు అన్నియు నేడు ఈ యంత్రముల మీదనే నడచుచున్నవి. కావున ఈ లెక్క సాంకేతిక నిపుణులకే వదలిపెట్టదగినది కాదు. ధనము చెల్లించువారు దీని నెఱిగియుండవలెను.

స్విచ్చి యనగా నేమి?

ఇక్కడ స్విచ్చి యనగా దీపము వెలిగించు మీట కాదు. ఒక కార్యాలయమున నున్న కంప్యూటర్లు, టెలిఫోనులు, కెమెరాలు, ముద్రణయంత్రములు మున్నగువాని తీగెలన్నియు వచ్చి చేరు పెట్టెకు ఆ పేరు. ఒక యంత్రము పంపిన వార్త మఱియొక యంత్రమునకు చేరవలెనన్న ఈ పెట్టె గుండ పోవలెను. ఈథర్‌నెట్ అను ఈ విధానమును 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనాలయమున రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అనువారు కనిపెట్టిరి. 1983లో ఐట్రిపుల్‌ఈ యను ఇంజనీర్ల సంఘము దానిని 802.3 అను సంఖ్యతో సార్వజనిక ప్రమాణముగా నంగీకరించెను.

తర్వాత కొంతకాలము వాడుకలో నుండిన హబ్బు అను పెట్టె గ్రామమున దండోరా వేయువాని వంటిది. ఎవరికి చెప్పవలసిన మాటనైనను అది ఊరందఱకును వినిపించెడిది. స్విచ్చి తపాలా బంట్రోతు వంటిది. ఏ యింటివాడెవ్వడో గుర్తుపెట్టుకొని యుత్తరమును ఆ యింటికే చేర్చును. అట్టి ఈథర్‌నెట్ స్విచ్చిని మొట్టమొదట 1990లో విపణికి తెచ్చిన సంస్థ పేరు కల్పన. భారతీయుడైన వినోద్ భరద్వాజ్ అమెరికాలో దానిని స్థాపించిన వారిలో ఒకడు. తన భార్య పేరే సంస్థకు పెట్టెను. ఆ మొదటి స్విచ్చికి ఏడు ద్వారములుండెను. వీనినే పోర్టులందురు. 1984లో స్థాపితమైన సిస్కో సంస్థ 1993లో క్రెసెండో అను సంస్థను కొని క్యాటలిస్ట్ అను పేరుగల స్విచ్చుల వర్తకమున ప్రవేశించెను. 1994లో కల్పనను గూడ కలుపుకొనెను.

ఈ చరిత్రలో కొనువారు గమనింపదగిన యంశ మొకటి గలదు. ప్రమాణము సార్వజనికమైనందున ఒక సంస్థ స్విచ్చి మఱియొక సంస్థ స్విచ్చితో మాటలాడగలదు. కావున పోటీ పెరిగెను. వేగము పెరిగెను. పోర్టు ఒక్కింటికి పడు వెల తగ్గెను. అంతటితో నిలువక, స్విచ్చికి గుండెకాయ వంటి చిప్పును బ్రాడ్‌కామ్ వంటి సంస్థలు తయారుచేసి కోరినవారికెల్ల అమ్మసాగినవి. వేర్వేరు పేర్లతో వేర్వేరు వెలలకు వచ్చు పెట్టెలలో తఱచుగా ఒకే వంశపు చిప్పులుండుట నేడు సామాన్యము. ఇనుములో భేదము తగ్గినకొలది లాభము వెదకుకొనవలసిన చోటు మారెను. ఆ చోటు సాఫ్ట్‌వేర్. లైసెన్సుల కథ కిదియే మూలము.

వెల దేనికి?

లైసెన్సును విమర్శించుటకు ముందు యంత్రము వెల దేనిని బట్టి యుండునో తెలిసికొనుట న్యాయము. మొదటిది పోర్టుల సంఖ్య. సామాన్యముగా 8, 24, 48 పోర్టుల పెట్టెలు దొరకును. రెండవది వేగము. పోర్టునకు క్షణమునకు ఒక గిగాబిట్టు వేగమున్న పెట్టెకును, పది గిగాబిట్టులున్న పెట్టెకును వెలలో చాల భేదముండును. మూడవది యాజమాన్యము. తీగె తగిలించిన చాలును పనిచేయు సాదా పెట్టెలు కొన్ని. ఏ విభాగము ఏ విభాగముతో మాటలాడవలెనో నిర్ణయింప వీలిచ్చునవి మఱికొన్ని. మొదటి తరగతికి లైసెన్సు బాధ లేదు. రెండవ తరగతితోనే యది ప్రారంభమగును.

నాలుగవది విద్యుచ్ఛక్తి. కెమెరాకును టెలిఫోనుకును వేరుగా కరెంటు తీగె వేయకుండ, వార్త పోవు తీగెలోనే కరెంటు పంపు పద్ధతి యున్నది. 2003 నాటి ప్రమాణము ప్రకారము స్విచ్చి పోర్టునకు 15.4 వాట్లు, 2009 నాటి ప్రమాణము ప్రకారము 30 వాట్లు ఇయ్యవచ్చును. 2018 ప్రమాణము దీనిని 90 వాట్ల వరకు పెంచెను. ఇక్కడ కొనువారు మోసపోవు చోటొకటి కలదు. 48 పోర్టులును 30 వాట్ల శక్తి గలవని పత్రమున వ్రాయబడి యుండును. అన్నింటికిని ఒకేసారి అంత శక్తి ఇయ్యవలెనన్న 1,440 వాట్లు కావలెను. పెట్టెలోని విద్యుత్ సరఫరా 370 వాట్లే యైనచో పండ్రెండు పోర్టులకు మాత్రమే ఆ పూర్తి శక్తి చాలును. ఇట్టి సంఖ్యలు పత్రములలో దాచబడి యుండవు. చదువువారు లేకయే అవి దాగియున్నవి.

లైసెన్సు వచ్చిన త్రోవ

సాఫ్ట్‌వేరునకు వెల కట్టుట నిన్న మొన్న పుట్టినది కాదు. క్యాటలిస్ట్ 3750, 3850 వంటి పాత స్విచ్చులకును ల్యాన్ బేస్, ఐపీ బేస్, ఐపీ సర్వీసెస్ అను మెట్లు గలవు. పై మెట్టు కావలసినవాడు ఎక్కువ వెల యిచ్చెడివాడు. అయితే ఆ వెల ఒక్కసారి ఇచ్చునదే. యంత్రము బ్రతికియున్నంత కాలము ఆ విద్యయు దానితోనే యుండెడిది.

2017 జూన్ మాసమున సిస్కో సంస్థ క్యాటలిస్ట్ 9000 అను నూతన వంశమును ప్రకటించెను. దానితో పద్ధతి మారెను. స్విచ్చి కొనువాడు నెట్‌వర్క్ ఎసెన్షియల్స్ గాని, నెట్‌వర్క్ అడ్వాంటేజ్ గాని తీసికొనవలెను. ఇది శాశ్వతము. దానికి తోడుగా డీఎన్ఏ అను చందాను మూడేండ్లకో, అయిదేండ్లకో, ఏడేండ్లకో తీసికొనవలెను. ఈ రెండవది కోరినవారికి మాత్రమే కాదు, మొదటి కొనుగోలులో తప్పనిసరి యని నియమము పెట్టబడెను. కేంద్రీకృత నిర్వహణ, స్వయంచాలకముగా అమరికలు పంపుట, లోపముల విశ్లేషణ మున్నగునవి ఈ చందాలోనివి. చందా తీరినను స్విచ్చి వార్తలను చేరవేయుట మానదు. శాశ్వతమైన భాగము నిలిచియుండును, చందా భాగము మాత్రము పోవును. ఇంతవరకు దీనిని న్యాయముగనే చెప్పవలెను.

కాని కొనువాని స్థితి యేమి? ఆ కేంద్రీకృత నిర్వహణను ఎన్నడును వాడని చిన్న కార్యాలయము సైతము మొదటి గడువునకు చందా చెల్లించినది. భోజనశాలలో అన్నము కోరినవానికి మిఠాయి గూడ కొనవలెనని నియమించుట యెట్టిదో ఇదియు నట్టిదే. ఇక లైసెన్సుల లెక్క యప్పగించు బాధ్యత యొకటి. కొంతకాలము ఈ స్విచ్చులు కంపెనీ వారి లైసెన్సు కేంద్రముతో నమోదు కావలసి యుండెను. ఫిర్యాదులు పెరిగిన పిమ్మట 2020లో ఆ నియమమును సడలించి, వాడుకను గూర్చిన నివేదికలు పంపిన చాలునను పద్ధతి తెచ్చిరి.

సంస్థలు ఈ త్రోవ నేల త్రొక్కినవో ఊహించుట కష్టము కాదు. పెట్టె నమ్మిన ఆదాయము ఒక సంవత్సరము వచ్చును, మఱుసటి సంవత్సరము రాకపోవచ్చును. చందా యట్లు కాదు. వాటాదార్లకు స్థిరమైన ఆదాయమనిన ప్రీతి. 2024 జూలైతో ముగిసిన ఆర్థిక సంవత్సరమున సిస్కో ఆదాయములో సగమునకు పైగా చందాల నుండియే వచ్చినది. ఒకప్పుడు పెట్టెల వర్తకముగా పేరొందిన సంస్థ చరిత్రలో ఇది చిన్న మార్పు కాదు.

గడువు తీరిన మఱునాడు

ఇంతకంటె కఠినమైన పద్ధతి మఱియొకటి గలదు. 2006లో స్థాపితమైన మెరాకీ అను సంస్థను సిస్కో 2012లో 120 కోట్ల డాలర్లకు కొనెను. మెరాకీ స్విచ్చుల సౌకర్యము గొప్పది. ఎక్కడనో నున్న క్లౌడు నుండి, ఒక్క డాష్‌బోర్డు మీద, ఎన్ని యూళ్ల శాఖలనైనను చూచుకొనవచ్చును. నిపుణులు తక్కువగా నున్న సంస్థలకు ఇది నిజముగా నుపకారి. కాని ఆ డాష్‌బోర్డు లైసెన్సు లేనిదే తెఱచుకొనదు.

అనేక సంవత్సరములు అమలులో నుండిన వారి పద్ధతిలో ఒక సంస్థకు చెందిన లైసెన్సులన్నింటికిని కలిపి ఒకే గడువు తేదీ లెక్కింపబడును. క్రొత్త పెట్టె యొకటి చేర్చి దానికి లైసెన్సు తీసికొనకున్నచో సంస్థ యంతయు నియమము తప్పినట్లు లెక్కింపబడును. గడువు దాటిన పిమ్మట ముప్పది దినముల వ్యవధి యిత్తురు. అదియు దాటిన, డాష్‌బోర్డు మూతపడుటయే కాదు, యంత్రములు వార్తలను చేరవేయుట సైతము నిలిపివేయవచ్చునని నియమము. పూర్తి వెల యిచ్చి కొన్న పెట్టె, కరెంటు ఉండియు, తీగెలుండియు, చెడిపోకుండియు, పలుకక కూర్చుండును. తరువాతి కాలమున ఆ సంస్థ వేరు లైసెన్సు పద్ధతులను గూడ ప్రవేశపెట్టినది. కావున కొనువాడు తాను ఏ పద్ధతి క్రింద కొనుచున్నాడో, గడువు తీరిన తర్వాత ఏది నిలుచునో ఏది పోవునో వ్రాతమూలకముగా తెలిసికొనవలెను.

ఆసుపత్రిలో రోగి పరీక్షల చిత్రములు వైద్యునికి చేరుట నిలిచినచో అది గుమాస్తా మఱచిన బిల్లు మాత్రమే కాదు. పరీక్షల దినమున కళాశాల ప్రయోగశాల మూగపోయినచో నష్టము విద్యార్థులది. బాకీ పడినవానిపై దావా వేయు హక్కు వర్తకునికి ఎప్పుడును గలదు. నోటీసు, విచారణ, తీర్పు దానికి మెట్లు. ఈ పద్ధతిలో ఆ మెట్లు లేవు. ముప్పది దినముల వ్యవధి తప్ప వాదమునకు చోటే లేదు.

మూసిన ద్వారములు

పెట్టెలో నున్న పోర్టులనే మూసి, తాళపుచెవిని విడిగా అమ్ము పద్ధతియు గలదు. నిల్వయంత్రములను కలుపు బ్రోకేడ్ స్విచ్చులలో ఇది ప్రసిద్ధము. బ్రోకేడ్ 300 అను నమూనాలో 24 పోర్టులు కంటికి కనబడును. కాని మొదట ఎనిమిది మాత్రమే తెఱచి యిచ్చి, తక్కినవానిని ఎనిమిదేసి చొప్పున లైసెన్సు కొన్నకొలది తెఱచెడివారు. తక్కువ అవసరము గలవాడు తక్కువ వెలతో ప్రారంభింపవచ్చునని సంస్థ చెప్పును. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. అయితే పదునాఱు పోర్టుల ఇనుమును, తీగెలను, చిప్పును తయారుచేసి తెచ్చి కొనువాని గదిలోనే నిలిపి, వానిపై తాళము వేయుటకు కారణము తయారీ ఖర్చు కాదు. అది వెల నిర్ణయించు యుక్తి.

ఫైబరు తీగెను స్విచ్చికి తగిలించు ఆప్టికల్ మాడ్యూళ్ల విషయమును ఇట్టిదే. వీని ఆకృతికిని పనికిని పలు సంస్థలు కలిసి యేర్పఱచుకొన్న ఉమ్మడి ప్రమాణము గలదు. ఒకరిది మఱియొకరి పెట్టెలో పనిచేయుటకు సాంకేతికముగా ఆటంకము తక్కువ. కాని మాడ్యూలులో వ్రాయబడిన తయారీదారు పేరును స్విచ్చి చదివి, తన వారిది కాదన్న తిరస్కరించునట్లు కొన్ని సంస్థలు చేసినవి. స్విచ్చి కొన్నవాడు మాడ్యూలును గూడ అదే అంగడిలో కొనునట్లు చేయు సంకెల యిది. దీని వెల స్విచ్చి కొటేషనులో కనబడదు.

అమ్మువారి వాదము

అమ్మువారి పక్షమున చెప్పదగినదియు గలదు. సాఫ్ట్‌వేర్ ఒక్కసారి వ్రాసి విడిచిపెట్టునది కాదు. దానిలో లోపములు బయలుపడుచునే యుండును. 2023 అక్టోబరులో సిస్కో వారి ఐఓఎస్ ఎక్స్ఈ అను సాఫ్ట్‌వేరులో, తీవ్రతకు పదింటికి పది మార్కులు పడిన లోపము బయటపడెను. దానిద్వారా లోకమందంతట వేలకొలది యంత్రములలో దుండగులు ప్రవేశించిరి. అట్టి లోపములను కనిపెట్టి సరిదిద్దు ఇంజనీర్లకు ప్రతి నెలయు జీతమియ్యవలెను గదా, ఒక్కసారి వచ్చిన వెలతో అది యెట్లు సాగును అని సంస్థలు అడుగును.

ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధాన మేమనగా, బాగుచేయుటకు చందా వేరు, వాడుకొనుటకు చందా వేరు. మరమ్మతు చేయువానికి ఏటేట కూలి యిచ్చుట కెవ్వడును వెనుదీయడు. ఇల్లు కట్టించుకొన్నవాడు ఏటేట సున్నము వేయించును. కాని సున్నము వేయించలేదని మేస్త్రి వచ్చి యింటికి తాళము వేసిన నెవ్వడు సహించును? లోపముల దిద్దుబాటు, క్రొత్త సౌకర్యములు, చెడిన పెట్టెకు మాఱుపెట్టె, వీనికి చందా గట్టుట ధర్మము. తీగె నుండి తీగెకు వార్త చేరవేయుట యంత్రమునకు ప్రాణము. ఆ ప్రాణమునే చందాకు ముడివేయుట ధర్మము కాదు. పైగా, తయారీలోనే యుండిన లోపమును దిద్దుటకు కొన్నవానినే మరల వెల యడుగుట ఎంతవరకు సమంజసమో ఆలోచింపవలసిన విషయము.

న్యాయస్థానముల మాట

ఈ వివాదము న్యాయస్థానములకును ఎక్కినది. 2010లో అమెరికాలోని తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానము ఆటోడెస్క్ దావాలో, బదిలీపై గట్టి ఆంక్షలు పెట్టి లైసెన్సు అని స్పష్టముగా వ్రాసి యిచ్చిన సాఫ్ట్‌వేరును పొందినవాడు యజమాని కాడనియు, లైసెన్సుదారు మాత్రమే యనియు తీర్పు చెప్పెను. 2012 జూలైలో ఐరోపా న్యాయస్థానము ఒరాకిల్ సంస్థకు సంబంధించిన యూస్డ్‌సాఫ్ట్ వ్యాజ్యెమున వేఱు మార్గము త్రొక్కెను. గడువు లేకుండ వాడుకొను హక్కును వెల పుచ్చుకొని యిచ్చినచో అది విక్రయమే యగుననియు, కొన్నవాడు దానిని మఱియొకనికి అమ్ముకొనవచ్చుననియు నిర్ణయించెను.

ఈ రెండవ తీర్పు కొన్నవానికి బలమిచ్చినది. కాని దానిలోని షరతును గమనింపుడు. గడువు లేని హక్కునకే యది వర్తించును. గడువు గల చందాకు వర్తింపదు. కావున చందా పద్ధతి వర్తకునికి ఆదాయము మాత్రమే కాదు, పాత సరకు అంగడి నుండి రక్షణయు నిచ్చును. సిస్కో వంటి సంస్థల నియమముల ప్రకారము పెట్టెను మఱియొకనికి అమ్మవచ్చును గాని, దానిలోని సాఫ్ట్‌వేర్ లైసెన్సు సామాన్యముగా వెంటపోదు. పాత స్విచ్చిని చౌకగా కొన్న చిన్న కళాశాల లైసెన్సు నిమిత్తము మరల కంపెనీ గడప నెక్కవలసినదే.

యంత్రమునకు సంస్థ నిర్ణయించు ఆయువును గూడ లెక్కలో చేర్చవలెను. సిస్కో వారి పద్ధతిలో ఒక నమూనా అమ్మకము నిలిపిన పిమ్మట సామాన్యముగా అయిదేండ్లు మాత్రమే హార్డువేరునకు సహాయము లభించును. మన దేశమున విస్తారముగా వాడబడిన క్యాటలిస్ట్ 2960-ఎక్స్ అమ్మకము 2022లో నిలిచినది. 2027తో దాని సహాయము ముగియును. పెట్టె చెడిపోకపోయినను కాగితము మీద దానికి కాలము చెల్లును.

ఇతర మార్గములు

అందఱును ఒకే త్రోవన లేరు. లాట్వియా దేశపు రీగా నగరమున 1996లో వెలసిన మైక్రోటిక్ సంస్థ తన రౌటర్ఓఎస్ లైసెన్సును యంత్రముతోనే యిచ్చును. దానికి గడువు లేదు. యుబిక్విటీ సంస్థ యూనిఫై స్విచ్చుల నిర్వహణ సాఫ్ట్‌వేరునకు విడిగా లైసెన్సు రుసుము పుచ్చుకొనదు. హెచ్‌పీ సంస్థ ప్రోకర్వ్ అను పేర అమ్మిన స్విచ్చులలో పెక్కింటికి జీవితకాల వారంటీ యిచ్చి పేరు పొందినది. వీనిలో కొన్నింటికి పెద్ద సంస్థల వలె రాత్రింబవళ్లు పలికెడి సహాయకేంద్రములు లేకపోవచ్చును. చిన్న కార్యాలయమునకు ఆ లోటు భరింపదగినదా కాదా యని ఎవరికి వారు తేల్చుకొనవలెను.

పెద్ద సంస్థలకు మఱియొక మార్గము. మైక్రోసాఫ్ట్ 2016లో సోనిక్ అను స్విచ్చుల సాఫ్ట్‌వేరును అందఱకును తెఱచియిచ్చెను. 2022లో అది లినక్స్ ఫౌండేషన్ అధీనమునకు వచ్చినది. పేరులేని పెట్టెను కొని, ఈ సాఫ్ట్‌వేరును దానిపై నెక్కించుకొనవచ్చును. లైసెన్సు రుసుము తగ్గును గాని, దానిని నడుపగల నేర్పరులకు జీతము పెరుగును. వెల మాయము కాదు, చోటు మారును.

స్వేచ్ఛామార్గమును సైతము కన్నులు తెఱచియే త్రొక్కవలెను. బ్రాడ్‌కామ్ చిప్పుల పెట్టెలపై నడచుచుండిన క్యుములస్ అను సాఫ్ట్‌వేర్ సంస్థను 2020లో ఎన్విడియా కొనెను. తర్వాతి సంచికలు ఎన్విడియా చిప్పులకే పరిమితములైనవి. అంతకు ముందు కొన్నవారు దారి నడుమ నిలిచిపోయిరి. 2025 జూలైలో హెచ్‌పీ ఎంటర్‌ప్రైజ్ సంస్థ జునిపర్ సంస్థను సుమారు 1,400 కోట్ల డాలర్లకు తనలో కలుపుకొనెను. అంగడిలో దుకాణములు తగ్గినకొలది బేరమాడువాని బలము తగ్గుట సహజము.

మన కొనుగోలు పద్ధతి

ఇక మన యింటి లెక్కకు వత్తము. మన సంస్థలలో తఱచు జరుగు తప్పు యంత్రమున లేదు, టెండరులో నున్నది. అతి తక్కువ కొటేషను ఇచ్చినవానికే కంట్రాక్టు ఇచ్చుట మన యాచారము. ఆ కొటేషనులో మొదటి మూడేండ్ల మాటయే యుండును. ఉదాహరణార్థము, మనమే యూహించుకొన్న యంకెలతో నొక లెక్క వేయుదము. మొదటి స్విచ్చి వెల 1,00,000 రూపాయలు, లైసెన్సు ఏటికి 12,000 రూపాయలు. రెండవ స్విచ్చి వెల 1,40,000 రూపాయలు, దానికి లైసెన్సు లేదు. పెట్టె వెల మాత్రమే పోల్చినచో మొదటిది 40,000 రూపాయల తేడాతో గెలుచును. కాని నాలుగవ సంవత్సరమునందే ఆ లాభము కరగిపోవును. ఎనిమిదేండ్లు వాడినచో మొదటి దానికి 1,96,000 రూపాయలు, రెండవ దానికి 1,40,000 రూపాయలు. ఒక్క స్విచ్చికి 56,000 రూపాయల నష్టము. ఇరువది స్విచ్చులున్న కళాశాలకు 11,20,000 రూపాయలు. అట్టి కళాశాల ఒక మంచి ప్రయోగశాలను ఈ సొమ్ముతో నేర్పఱచుకొనవచ్చును.

దీనిపై 18 శాతము జీఎస్‌టీ గలదు. వర్తక సంస్థలు తాము చెల్లించిన పన్నును అమ్మకపు పన్నులో తగ్గించుకొనవచ్చును. కాని విద్యాసంస్థల బోధన, ఆసుపత్రుల చికిత్స పన్ను మినహాయింపు పొందిన సేవలు కనుక వారికి ఆ తగ్గింపు లభింపదు. పన్ను పూర్తిగా వారి నెత్తినే పడును. చందా పునరుద్ధరించిన ప్రతిసారియు మరల పడును. పై లెక్కలో పన్ను చేర్చినచో స్విచ్చి ఒక్కింటికి తేడా 66,080 రూపాయలగును.

ధనము వచ్చు మార్గమును గూడ చూడవలెను. కళాశాలకు గాని ప్రభుత్వాసుపత్రికి గాని యంత్రములు కొనుటకు ఒక పథకము క్రింద ఒక్కసారి గ్రాంటు వచ్చును. ఏటేట చందా కట్టుటకు ఆ గ్రాంటులో పద్దుండదు. మూడేండ్లు గడచునప్పటికి పథకము ముగియును, కొన్న యధికారి బదిలీయగును, లైసెన్సు మాత్రము గడువు తీరును. అప్పుడు ఆ సంస్థ ముందు నుండునవి రెండే దారులు. జీతములలోనో పుస్తకములలోనో కోత వేసి చందా కట్టుట యొకటి. పెట్టెను మూలబెట్టుట రెండవది.

జాబితా వెల యను మాయను గూర్చి యొక మాట. పెద్ద సంస్థలు డాలర్లలో నొక జాబితా వెల ప్రకటించి, బేరమాడినవానికి భారీగా తగ్గింపు నిచ్చును. మొదటి కొనుగోలున వచ్చిన తగ్గింపు చూచి కొనువాడు మురియును. కాని ఆ తగ్గింపు పునరుద్ధరణకు వర్తించునని ఎవరును హామీ యియ్యరు. అప్పటికి స్విచ్చులు గోడకు బిగింపబడి యుండును, తీగెలు తగిలింపబడి యుండును, పనివారు వానికి అలవాటుపడి యుండురు. బేరమాడు బలము అమ్మువాని చేతికి పోయిన తర్వాత అడిగిన తగ్గింపు యాచనయే యగును.

చేయవలసినది

కావున కొనువారు సంతకము చేయకముందే నాలుగు ప్రశ్నలకు వ్రాతమూలకముగా సమాధానము పుచ్చుకొనవలెను. లైసెన్సు గడువు తీరిన మఱునాడు ఈ పెట్టె ఏ పనులు చేయును, ఏవి మానును? పునరుద్ధరణ వెల ఎంత, మొదటి కొనుగోలునాటి తగ్గింపు దానికిని వర్తించునా? అమ్మకము నిలిచిన పిమ్మట ఎన్ని సంవత్సరములు లోపముల దిద్దుబాటు లభించును? పెట్టెను మఱియొకనికి అమ్మినను, శాఖ నుండి శాఖకు మార్చినను లైసెన్సు వెంటవచ్చునా? ఈ నాలుగింటికి స్పష్టమైన సమాధాన మియ్యని అమ్మకందారుని కొటేషను ఎంత తక్కువయైనను ప్రక్కన బెట్టదగినది.

టెండరు వ్రాయువారు పోల్చవలసినది పెట్టె వెల కాదు. యంత్రమును ఎన్ని సంవత్సరములు వాడదలచినారో అన్ని సంవత్సరముల మొత్తపు వ్యయము. యంత్రము, లైసెన్సు, మరమ్మతు ఒప్పందము, మాడ్యూళ్లు, పన్ను, ఇవి యైదును వేర్వేరు పంక్తులలో చూపవలెనని నిబంధన పెట్టిన చాలును, దాగిన యంకెలు బయటపడును. వార్తలు చేరవేయు మూలపని లైసెన్సు గడువుతో నిలిచిపోరాదని షరతు వ్రాయుట ప్రజాధనముతో కొను సంస్థలకు విధిగా నుండవలెను. లైసెన్సుల గడువు తేదీలను ఒక రిజిష్టరులో వ్రాసి, ఆఱు మాసములు ముందే బడ్జెటులో చేర్చు బాధ్యతను పేరుపెట్టి ఒకరికి ఒప్పగింపవలెను.

చందా పద్ధతి యంతయు చెడ్డదని మా యభిప్రాయము కాదు. నిపుణులు లేని చోట కౌలునకు తీసికొనుటయే లాభమైన సందర్భములు గలవు. కౌలును కౌలని తెలిసి తీసికొన్నవానికి నష్టము లేదు. వాడు గడువును లెక్కవేసికొని, పంట చూచుకొని, ఒడంబడిక చదివి సంతకము చేయును. క్రయము చేసితినని భ్రమించి కౌలు కాగితముపై సంతకము చేసినవాడే నష్టపడును. ఆ కాగితమును చదువుట యంత్రము నమర్చు ఇంజనీరు పని యని సంస్థల పాలకవర్గములు ఇంతకాలము తలంచినవి. అది ధనము చెల్లించువారి పని. వచ్చు సంవత్సరపు బడ్జెటు వ్రాయకముందే తమ స్విచ్చులలో ఎన్ని తమవో, ఎన్ని కౌలువో ఒక్కమాఱు లెక్క తీయింతురు గాక.